బేజారుకు బర్నౌట్ అని పేరెలా వచ్చింది

ఆదివారం రాత్రి అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సుల దగ్గర నిలబడితే తెలుస్తుంది. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. శనివారం ఇల్లు చేరి, ఒకపూట ఒళ్ళెరగకుండా నిద్రపోయి, మళ్ళీ బ్యాగు తగిలించుకున్న పిల్లలే ఎక్కువ. "ఎట్లుందిరా పని?" అని అడిగితే "బేజారైతాంది మామా" అంటారు. గ్రూప్స్ కోసం మూడో ఏడాది పుస్తకాలు పట్టుకున్నవాళ్ళదీ అదే మాట. "ఈ వయసులో బేజారేందిరా" అని మనం కొట్టిపారేస్తాం. నేనూ అన్నాను. అలా అన్నందుకు ఇప్పుడు బాధగా ఉంది.

బేజారు ఫార్సీ మాట, ఉర్దూ మీదుగా మన సీమకు చేరింది. దాని అర్థం ఒట్టి అలసట కాదు, విసిగిపోయి మనసు విరగడం. పరిశోధకులు బర్నౌట్ అనే పేరుతో యాభై ఏళ్ళుగా కొలవాలని చూస్తున్నదీ దాదాపు దీన్నే.

ఆ కథ న్యూయార్క్‌లో మొదలైంది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఒక ఉచిత క్లినిక్‌లో సేవ చేసేవాడు. అక్కడికి వచ్చేవాళ్ళలో మత్తుమందులకు బానిసలైనవాళ్ళు చాలామంది. వాళ్ళ గురించి వీధిలో వాడే మాట బర్నౌట్, అంటే పూర్తిగా కాలిపోయినవాడు. కొన్నాళ్ళకు తోటి కార్యకర్తలు, చివరికి తాను కూడా అదే స్థితికి వచ్చారని అతనికి అర్థమైంది. 1974లో దాని మీద వ్యాసం రాశాడు. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది: ముందుగా కూలిపోయేది పని ఎగ్గొట్టేవాళ్ళు కాదు, దానికి ప్రాణం పెట్టినవాళ్ళు. మన ఇళ్ళలో బద్ధకం అని ముద్ర వేయించుకున్న ఎందరో పిల్లలు అంతకుముందు క్లాసులో మొదటి వరసలో కూర్చున్నవాళ్ళే.

కొలత తెచ్చింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ఆచార్యురాలు క్రిస్టీనా మాస్లాక్. 1981లో సూసన్ జాక్సన్‌తో కలిసి 22 అంశాల ప్రశ్నావళి ప్రచురించారు. ఒక్కోటి ఎంత తరచుగా అనిపిస్తుందో 0 నుంచి 6 వరకు గుర్తించాలి. అది మూడింటిని విడివిడిగా చూస్తుంది. మొదటిది, ఎండిన బోరులా లోపల ఏమీ మిగలకపోవడం. రెండోది, ఎదుటివాళ్ళను మనుషులుగా చూడలేకపోవడం. మూడోది, నా వల్ల ఏం ఒరిగింది అనే భావన. అలసట అందరికీ కనిపిస్తుంది, రెండోదే దొరకదు. రోగిని పేరుతో పిలిచే నర్సు కొన్నాళ్ళకు "ఏడో బెడ్" అనడం మొదలుపెడుతుంది. మనం దాన్ని పొగరు అనుకుంటాం.

చదువుకునేవాళ్ళకు తగినట్టు మార్చిన ప్రశ్నావళి 2002లో వచ్చింది. స్పెయిన్, పోర్చుగల్, నెదర్లాండ్స్ విద్యార్థులతో దాన్ని పరీక్షించారు. అయితే 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం వేరుగా ఉంది. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సర్దలేకపోతే వచ్చే స్థితే బర్నౌట్ అని, అది జబ్బు కాదని, ఉద్యోగం బయటి జీవితానికి ఆ మాట వాడకూడదని చెప్పింది. ఆ లెక్కన హాస్టల్లో తెల్లవారుజామునే లేచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చునే ఇంటర్ పిల్లవాడు ఇందులోకి రాడు. నాకు ఇది సరిగ్గా అనిపించదు. ఆ పిల్లవాడికి చదువే పని, హాస్టలే పనిచోటు.

ఆన్‌లైన్‌లో దొరికే క్విజ్ స్కోరు చూసి రోగం తేల్చుకోవద్దు. మాస్లాక్ ప్రశ్నావళి కూడా పరిశోధనకు చేసిందే, పాస్ ఫెయిల్ చెప్పే పరీక్ష కాదు. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపించవచ్చు, కాబట్టి ముందు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. తర్వాత సెలవుల్లో ఎలా ఉంటున్నారో గమనించాలి. పనికి దూరమైతే మనిషి కొంత తేరుకుంటే, చూడాల్సింది ఆ పని వైపు. ఉగాదికి ఇంట్లో ఉన్నా తిండి సయించక, నిద్ర పట్టక, చావు ఆలోచనలు వస్తుంటే అది బేజారు దాటిపోయింది. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మాస్లాక్ తర్వాత మైఖేల్ లీటర్ అనే మనస్తత్వ పరిశోధకుడితో కలిసి దృష్టిని మనిషి నుంచి పనిచోటుకు మళ్ళించారు. పనిభారం, పని మీద అదుపు, గుర్తింపు, తోటివాళ్ళ అండ, న్యాయం, విలువలు అనే ఆరింటిలో ఎక్కడ తేడా వచ్చిందో వెతకాలని 1997లో చెప్పారు. మన దగ్గర ఆ చూపు కోర్టు దాకా రావడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం వీలైనంత వరకు మానుకోవాలి.

జూన్‌లో ఎంపీసీ, బైపీసీ సీటు కోసం వెళ్ళినప్పుడు ఫీజు, ర్యాంకులతో పాటు ఈ రెండూ అడగండి. కౌన్సెలర్ పేరేమిటి, ఏ రోజుల్లో ఉంటారు? వీక్లీ టెస్టు తర్వాత సెక్షన్లు మారుస్తారా?