జాఫ్నాలో యుద్ధం, మద్రాసులో రాజీ

చెన్నైలో రాయపేట హైరోడ్డు మీద అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఈ నగరంలోనే కన్నుమూశారు. ఆ వార్తతో తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి; అయినా నాలుగు రోజుల్లో నెహ్రూ ప్రకటన వెలువడింది, ఏడాది తిరగకముందే రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు దక్కలేదన్న బాధ ఇక్కడి తెలుగు పెద్దల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది కానీ, దానికోసం ఎవరూ తుపాకి పట్టలేదు. పాక్ జలసంధికి అవతలి ఒడ్డున శ్రీలంకలో, మెజారిటీ సింహళీయులకూ మైనారిటీ తమిళులకూ మధ్య అదే దశాబ్దంలో భాష పేరిట ముదిరిన తగవు మాత్రం 1983 నుంచి 2009 దాకా సాగిన అంతర్యుద్ధానికి దారితీసి, ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 80 వేల నుంచి లక్ష మందిని బలిగొన్నది. భాషాభిమానం, ఉద్యోగాల గురించిన ఆందోళన, వీధుల్లో ఆవేశం రెండు ఒడ్లనా ఉన్నప్పుడు, తేడా ఎక్కడ వచ్చింది?

సింహళీయులకూ తమిళులకూ అనాదిగా పడదన్నది తరచుగా వినిపించే జవాబు. చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. సింహళ బౌద్ధ రాజ్యమైన కాండీని 1739 నుంచి 1815 దాకా ఏలినది తెలుగు మూలాలున్న నాయక వంశం. క్షీణించిన భిక్షు సంఘాన్ని నిలబెట్టడానికి సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, 1753లో పూర్తిస్థాయి భిక్షువుగా చేర్చుకునే ఉపసంపద దీక్షను పునరుద్ధరింపజేసినవాడు ఆ వంశానికి చెందిన కీర్తిశ్రీ రాజసింహుడే. ఆస్థానంలో కుట్రలు లేకపోలేదు కానీ, పరాయి మూలాలున్న రాజును బౌద్ధ సంఘం ధర్మరక్షకుడిగా అంగీకరించింది. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ని బ్రిటిషువారు వేలూరు కోటలో బంధించారు. 1832లో అక్కడే మరణించిన ఆయన సమాధి పాలారు ఒడ్డున నేటికీ ఉంది.

సామాజిక శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను అంకెలతోనూ పరిశీలించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఫియరన్, డేవిడ్ లైటిన్ 1945–1999 మధ్య జరిగిన 127 అంతర్యుద్ధాలను పోల్చి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. జాతులు, మతాలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన అంతర్యుద్ధపు ముప్పు పెరగదనీ, పేదరికం, బలహీనమైన ప్రభుత్వం, తిరుగుబాటుదారులు దాక్కోవడానికి అనువైన భూభాగం వంటివే దాన్ని పెంచుతాయనీ వారు తేల్చారు. గెరిల్లా పోరు ఎక్కడ నిలదొక్కుకోగలదో ఇది చక్కగా చెబుతుంది. యువకులు ఎందుకు అటు మళ్లుతారో అంతగా చెప్పదు. 1931 నుంచే సార్వత్రిక వయోజన ఓటుహక్కు ఉండి, చదువులోనూ ఆరోగ్యంలోనూ ఇరుగుపొరుగు కంటే మెరుగ్గా ఉన్న సిలోన్ (శ్రీలంక పాత పేరు) విషయంలో పేదరికం ఒక్కటే సరిపోయే కారణం కాదు. ఒక సమూహం మొత్తాన్ని అధికారం నుంచి వెలివేయడం, చేసుకున్న ఒప్పందాన్ని ప్రభుత్వం నిలబెట్టుకుంటుందన్న నమ్మకం చచ్చిపోవడం అన్న రెండు కారణాలను మరికొందరు పరిశోధకులు ముందుకు తెచ్చారు. శ్రీలంక చరిత్ర చదివినకొద్దీ, నా మటుకు నాకు రెండోదే అసలు వేరుగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే పౌరసత్వ చట్టం చేసి, తేయాకు తోటల్లో పనిచేసే లక్షలాది భారత మూలాల తమిళులను ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చారు, మరుసటి ఏడాది వారి ఓటు కూడా పోయింది. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేస్తానన్న వాగ్దానంతో గెలిచి ప్రధాని అయిన బండారనాయకే, ఆ చట్టాన్ని వెంటనే తెచ్చారు. కొలంబోలోని గాల్‌ఫేస్ మైదానంలో శాంతియుతంగా సత్యాగ్రహం చేస్తున్న తమిళ నాయకులను అల్లరిమూకలు చితకబాదాయి. అయినా దారి మూసుకుపోలేదు. మరుసటి ఏడాది జూలైలో బండారనాయకే, తమిళ ఫెడరల్ పార్టీ నాయకుడు చెల్వనాయకం ఒక ఒప్పందానికి వచ్చారు: ఉత్తర, తూర్పు ప్రాంతాలకు వ్యవసాయం, విద్య, భూముల పంపిణీ వంటి అధికారాలతో ప్రాంతీయ మండళ్లు, ఆ ప్రాంతాల పాలనలో తమిళం. ప్రతిపక్షంలో ఉన్న జయవర్ధనే దీనికి వ్యతిరేకంగా కాండీకి పాదయాత్ర కట్టారు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించగానే ఆయన ఒప్పందాన్ని రద్దు చేశారు. సింహళ ఓట్ల కోసం రెండు పెద్ద పార్టీలూ పోటీ పడుతున్నంత కాలం, తమిళులతో రాజీకి సిద్ధపడిన పార్టీని ద్రోహిగా చూపించడం ఎదుటి పార్టీకి తేలికయ్యేది. 1965లో ప్రధాని డడ్లీ సేనానాయకే చెల్వనాయకంతో చేసుకున్న ఒప్పందానికీ ఇదే గతి పట్టింది.

1956 నాటి భాషా చట్టం ఒక మామూలు ఉద్యోగి బతుకులో ఎలా పనిచేసిందో కోడీశ్వరన్ కేసు చూపిస్తుంది. ఈ తమిళ గుమాస్తా సింహళ పరీక్ష రాయనందుకు ఇంక్రిమెంటు ఆపేశారు. ఆయన కోర్టుకెక్కారు. జిల్లా కోర్టు 1964లో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. జీతం కోసం ప్రభుత్వం మీద దావా వేసే హక్కు ఉద్యోగికి లేదంటూ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు ఉందని అప్పట్లో చివరి అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1969లో తేల్చినా, భాషా చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అన్న అసలు ప్రశ్నను వెనక్కి పంపింది. దానికి జవాబు రాకముందే, 1972లో వచ్చిన కొత్త రాజ్యాంగం మైనారిటీలకు పాత రాజ్యాంగం ఇచ్చిన రక్షణను ఎత్తేసి, బౌద్ధానికి అగ్రస్థానం కట్టబెట్టింది. దాదాపు అదే సమయంలో వైద్య కళాశాలల్లో ప్రవేశానికి తమిళ మాధ్యమం విద్యార్థికి 400కు 250 మార్కులు, సింహళ మాధ్యమం విద్యార్థికి 229 మార్కులు అవసరమయ్యాయి. పార్లమెంటు, కోర్టు, కళాశాల ఒకదాని తరువాత ఒకటి తలుపులు మూస్తూ వచ్చాక, చెల్వనాయకం వంటి వృద్ధ గాంధేయవాదులు కూడా 1976 వడ్డుకోట్టై తీర్మానంలో ప్రత్యేక దేశం కోరారు. అహింసతో మీరు సాధించినదేమిటని అడిగే కుర్రాళ్లకు చెప్పడానికి వారి దగ్గర ఏమీ మిగల్లేదు.

ఈ ఒడ్డున ఏం జరిగిందో దీనితో పోల్చి చూడాలి. ద్రావిడనాడు పేరిట ప్రత్యేక దేశం కోరిన డీఎంకేను అడ్డుకోవడానికి 1963లో భారత ప్రభుత్వం 16వ రాజ్యాంగ సవరణ తెచ్చి, చట్టసభలకు పోటీ చేసేవారు దేశ సమగ్రతకు ప్రమాణం చేయాలంది. అన్నాదురై ఆ డిమాండును వదులుకున్నారు. 1965లో హిందీ వ్యతిరేక ఉద్యమం మద్రాసు రాష్ట్రాన్ని కుదిపేసినప్పుడు, ఇంగ్లీషు కొనసాగుతుందని లాల్ బహదూర్ శాస్త్రి హామీ ఇచ్చారు. 1967లో ఆ హామీకి చట్టరూపం వచ్చింది. ఆ ఏడాదే డీఎంకే ఎన్నికల్లో గెలిచి అధికారంలోకి వచ్చింది. శ్రీలంక కూడా 1983 ఆగస్టులో అలాంటి ప్రమాణాన్నే తప్పనిసరి చేసింది. అప్పటికి ఉత్తరాన తమిళుల ప్రధాన నగరమైన జాఫ్నాలోని గ్రంథాలయంలో సుమారు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు తగలబడి రెండేళ్లయింది. 13 మంది సైనికులను ప్రత్యేక దేశం కోసం పోరాడే తమిళ పులులు (ఎల్‌టీటీఈ) చంపారన్న కోపంతో, సింహళ అల్లరిమూకలు ఓటర్ల జాబితాలు పట్టుకుని కొలంబోలో తమిళుల ఇళ్లు వెతికి తగలబెట్టి నెల కూడా కాలేదు. ప్రమాణం చేసి పార్లమెంటులో కూర్చుంటే దక్కేదేమిటో చూపించలేని స్థితిలో, ప్రధాన ప్రతిపక్షమైన తమిళ కూటమి సభ్యులు సీట్లు వదులుకున్నారు. వారి నాయకుడు అమృతలింగం మద్రాసు చేరారు. ఇక్కడ మిలిటెంట్లకు భారత ప్రభుత్వమే శిక్షణ ఇచ్చింది, దాంతో యుద్ధానికి కావలసిన ఆసరా కూడా దొరికింది.

1987లో రాజీవ్ గాంధీ, అప్పటికి శ్రీలంక అధ్యక్షుడైన జయవర్ధనే చేసుకున్న ఒప్పందం రాష్ట్ర మండళ్లను, తమిళానికి అధికార హోదాను ఇచ్చింది. 1957లో చెల్వనాయకం అడిగినదానికి ఇది తక్కువేమీ కాదు. ఒకనాడు దానికి వ్యతిరేకంగా పాదయాత్ర కట్టిన జయవర్ధనే చేతులతోనే ఇది వచ్చింది. కానీ అప్పటికి జాఫ్నాలో మాట చెల్లేది ఎల్‌టీటీఈకే, అది ప్రత్యేక దేశానికి తక్కువగా దేనికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోగల అమృతలింగాన్ని 1989 జూలై 13న కొలంబోలో ఆయన బస చేసిన ఇంట్లోనే ఎల్‌టీటీఈ మనుషులు కాల్చి చంపారు. యుద్ధం మరో 20 ఏళ్లు సాగింది.