ప్రీఆంప్ పోయిందనే ముందు: సెమీ అకౌస్టిక్ గిటార్లపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే నా రిపేరు బల్ల మీదకి సెమీ అకౌస్టిక్ గిటార్లు వరుస కడతాయి. అంటే యాంప్‌కు (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టెకు) కలుపుకునే అకౌస్టిక్ గిటార్లు. లోపలి పికప్ తీగల కంపనాన్ని కరెంటుగా మారుస్తుంది, ప్రీఆంప్ ఆ సిగ్నల్‌ను పెంచుతుంది. తెచ్చినవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "అన్నా, ప్రీఆంప్ పోయిందంట. కొత్తది వేయాలంట." ఎవరన్నారని అడిగితే ఒక ఫ్రెండ్, లేదంటే సౌండ్ సర్వీసు అతను, లేదంటే ఏదో వీడియో. ఈ పుకారుకు పిల్లల జేబులు ఖాళీ అవుతుంటే కోపం వస్తుంది.

అపోహ: సౌండ్ రాలేదంటే ప్రీఆంప్ కాలిపోయినట్టే

కాదు. నిజంగా ప్రీఆంప్ పోయిన గిటార్లు నా దగ్గరికి వచ్చేవి చాలా తక్కువ.

చాలా గిటార్లలో ప్రీఆంప్‌కు వేరే స్విచ్ ఉండదు, కేబుల్ గుచ్చే జాకే స్విచ్. అది స్టీరియో జాక్. మామూలు మోనో కేబుల్ గుచ్చితే దాని పిన్ను లోపలి రెండు కాంటాక్టులను కలుపుతుంది, అప్పుడే బ్యాటరీ కరెంటు ప్రీఆంప్‌కు అందుతుంది. కాబట్టి యాంప్ ఆపేసినా, వాల్యూమ్ సున్నాలో పెట్టినా, కేబుల్ పీకనంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వారం పది రోజులు అలాగే వదిలేస్తే కొత్త 9 వోల్టుల బ్యాటరీ కూడా అడుగంటుతుంది. పూర్తిగా పోయేముందు సౌండ్ చీలి బరబరమంటుంది. ఆ బరబర వినే "పికప్ పోయింది" అనేస్తారు.

పుత్తూరు నుంచి ఒక కుర్రాడు వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. రిసెప్షన్‌లో గిటార్ మూగబోయిందట. ఒక షాపులో కొత్త ప్రీఆంప్ వేయాల్సిందేనన్నారట. "మొన్ననే కొన్నాం నాయనా, మళ్లీ అంత డబ్బంటే ఎక్కడ తెచ్చేది?" అంటోంది ఆవిడ. మండపంలో వాడిన కేబుల్ చూపించమన్నాను. పిన్ను మీద రెండు నల్ల గీతలున్నాయి, అంటే స్టీరియో కేబుల్. దాన్ని మిక్సర్‌కు పెడితే జాక్‌లో ఆ రెండు కాంటాక్టులూ కలవవు, ప్రీఆంప్ ఆన్ కాదు. ఒకే గీత ఉన్న గిటార్ కేబుల్ పెట్టాను, ఖంగుమని మోగింది. ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. ఇలాంటి వాళ్లను భయపెట్టి డబ్బు గుంజడం నాకు సహించదు.

ఇంకో రెండు చూడండి. చాలా మోడళ్లలో ట్యూనర్ (శ్రుతి చూపేది) ఆన్‌లో ఉంటే సౌండ్ బయటికి రాదు. జాక్ నట్టు వదులైతే బయటినుంచి ఊరికే తిప్పి బిగించకండి. లోపల జాక్ కూడా తిరిగి సోల్డర్ దగ్గర వైరు తెగుతుంది. జాక్‌ను కదలకుండా పట్టుకునే బిగించాలి.

అపోహ: రెండు తీగలు తక్కువ వినిపిస్తే పికప్ మార్చాలి

ముందు శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) అడుగు చూడండి. శాడిల్ కింద ఉండే పీజో పికప్ ఒత్తిడి మీద పనిచేస్తుంది. యాక్షన్ (తీగల ఎత్తు) తగ్గించుకోవడానికి ఇంట్లోనే శాడిల్‌ను అరగదీస్తారు. అడుగు వంకర వస్తే కొన్ని తీగల బరువు పికప్ మీద పడదు. చదునుగా రుద్దితే సరిపోతుంది.

అపోహ: కొత్త డిజైన్లన్నీ పేరుకే

ఇదీ నిజం కాదు. హెలికాప్టర్లు తయారుచేసిన చార్లెస్ కామన్ 1966లో మొదలుపెట్టిన ఓవేషన్ కంపెనీ శాడిల్ కింది పీజోను జనంలోకి తెచ్చింది. గట్టిగా కొడితే అందులో వచ్చే ప్లాస్టిక్ లాంటి చప్పుడు అందరికీ తెలిసిందే. దాన్ని తగ్గించడానికే టేలర్ 2014లో మూడు సెన్సర్లను శాడిల్ వెనకకు మార్చింది. యమహా ట్రాన్స్‌అకౌస్టిక్‌లో స్పీకర్ ఉందనుకుంటారు, లేదు. గిటార్ వెనక చెక్కకే కంపనమిచ్చే చిన్న పరికరం ఉంటుంది, యాంప్ లేకుండానే రివర్బ్ (ప్రతిధ్వని లాంటి సౌండ్) వినిపిస్తుంది.

ఇంకో రెండు ముక్కలు. నైలాన్ తీగలకు పీజో పనిచేస్తుంది, అయస్కాంతంతో ఉక్కు తీగల కదలికను పట్టే మ్యాగ్నెటిక్ పికప్ పనిచేయదు. యాంప్ లేకుండా సెమీ అకౌస్టిక్ గిటార్లు మోగవనేది వట్టి మాట.

అపోహ: ట్రస్ రాడ్ ఉంది, ఎండకేమీ కాదు

నెక్ లోపల ఉండే లోహపు కడ్డీయే ట్రస్ రాడ్. అది సరిచేసేది నెక్ వంపును మాత్రమే. మే నెలలో గిటార్‌ను కారులో వదిలి అలిపిరి మెట్లెక్కి వెళ్లేవాళ్లున్నారు. దిగొచ్చేసరికి ఆ వేడికి జిగురు మెత్తబడి, తీగలు లాగే బలానికి బ్రిడ్జి (గిటార్ మీద తీగలు బిగించిన చెక్క) లేచిపోయి ఉంటుంది. ఆ రిపేరు మాత్రం నిజంగానే ఖరీదైనది. గిటార్‌ను రూములోనే కేసులో పెట్టి కొండెక్కండి.