డార్క్‌రూమ్ సీసా దగ్గర గైగర్ కౌంటర్ ఎందుకు టిక్కుమంటుంది?

పాత ఫొటో కెమికల్స్ సర్దుతూ సరదాకి గైగర్ కౌంటర్ (రేడియోధార్మిక కిరణాలు తగిలితే టిక్కుమనే పరికరం) దగ్గర పెట్టి చూసినవాళ్లకి ఒక్కోసారి టెన్షన్ పట్టుకుంటుంది. పొటాషియం బ్రోమైడ్, పొటాషియం కార్బొనేట్ సీసాల దగ్గర టిక్కులు కాస్త పెరుగుతాయి. ఏదో కలిసిపోయిందేమో అనుకుంటారు గానీ ఏమీ కలవలేదు, పొటాషియం తీరే అంత, సహజంగానే దానికి కాస్త రేడియోధార్మికత ఉంటుంది.

ఈ సంగతి కేంబ్రిడ్జిలో నార్మన్ క్యాంప్‌బెల్, వుడ్ 1906 ప్రాంతంలోనే గమనించారు. దానికి మూలమైన పొటాషియం-40 అనే ఐసోటోప్ (అదే మూలకంలో బరువు తేడా ఉన్న రకం పరమాణువు) మాత్రం 1935లో ఆల్ఫ్రెడ్ నీర్ పట్టుకునేదాకా బయటపడలేదు. ప్రకృతిలో దొరికే పొటాషియంలో దాని వాటా 0.012 శాతమే, అర్ధాయువేమో, అంటే అందులో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం, దాదాపు 125 కోట్ల ఏళ్లు, అందుకే సీసా నిన్నటిదైనా తాతల నాటిదైనా టిక్కుల్లో తేడా రాదు. గ్రాము బ్రోమైడ్‌లో సెకనుకు పది పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. మన ఒంట్లో ఉన్న పొటాషియంలోనే సెకనుకు నాలుగు వేల పైచిలుకు! అంటే అరకిలో సీసా, దాన్ని పట్టుకున్న మనిషి ఇంచుమించు ఒకటే.

భయపడాలంటే యురేనియం నైట్రేట్‌కి భయపడాలి. ఇది కూడా ఒకప్పుడు మామూలు ఫొటో కెమికలే. 1857 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నియెప్స్ ద సాన్-విక్టర్, ఈ లవణంలో తడిపిన కాగితం చీకట్లో ఉంచినా ఫొటో కాగితం మీద మచ్చ వేస్తోందని చూశాడు, కానీ అది దాచుకున్న వెలుతురు పని అనుకున్నాడు. 1864లో వోత్లీ యురేనియంతో ప్రింట్లు వేసే పద్ధతే తెచ్చాడు. ఆ మచ్చ అసలు కథ తెలియడానికి 1896 దాకా ఆగాల్సి వచ్చింది. ప్యారిస్‌లో ఎండ రాలేదని శాస్త్రవేత్త బెకరెల్ సొరుగులో పెట్టేసిన ఫొటో ప్లేట్లు, డెవలప్ చేస్తే నల్లబడి ఉన్నాయి. అంటే వెలుతురుతో పని లేకుండా యురేనియమే కిరణాలు వదులుతోందన్నమాట. వాటి మీద పెట్టింది పొటాషియం యురేనిల్ సల్ఫేట్, విచిత్రంగా మన రెండు మూలకాలూ అందులోనే ఉన్నాయి.

ఇంత తెలిశాక కూడా యురేనియం టోనర్ (ప్రింట్ రంగు మార్చే ద్రావణం) వాడకం ఆగలేదు, 20వ శతాబ్దంలోనూ నడిచింది. యురేనియం నైట్రేట్‌ని పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో కలిపి ప్రింట్‌ని ముంచితే ఇటుక రంగు వస్తుంది. అలాంటి సీసా దొరికితే కిరణాల కంటే ముందు దాని విషం గురించి ఆలోచించండి, కడుపులోకి పోతే దెబ్బ కిడ్నీలకి. పొడి రేగకుండా మూత బిగించి పక్కన పెట్టండి, సింకులో మాత్రం పోయకండి. ఇక పాత ఆల్బమ్‌లో ఆ టోనర్ పట్టిన ప్రింట్లుంటే, ఆ ఎరుపులో యురేనియం ఇప్పటికీ ఉన్నట్టే.