భూమిలో ఉన్నదంతా చేతికి రాదు: మన నీళ్లు, ఖనిజాలపై అపోహలు - వాస్తవాలు

భూగర్భ జలాల సర్వే నా వృత్తి. బోరు పాయింట్ చూపించమని పిలిచే రైతులు, లిథియం వార్త చదివి ఫోన్ చేసే బంధువులు, కృష్ణా నీళ్లు సముద్రం పాలవుతున్నాయని బాధపడే మిత్రులు అడిగే ప్రశ్నలు వేరైనా, వాటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే. మన దేశం పెద్దది, దీని కింద అన్నీ కావలసినంత ఉన్నాయి, తవ్వుకోవడమే ఆలస్యం అనే నమ్మకం అది. దేశం పెద్దదే, దాదాపు 33 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రపంచ భూభాగంలో మాత్రం అది 2.4 శాతం. మంచినీటి వనరుల్లో మన వాటా సుమారు 4 శాతం, జనాభాలో 17 శాతానికి పైనే. ఈ నమ్మకం మాటల వరకే ఆగితే ఇంత రాయనక్కర లేదు. దాన్ని పట్టుకుని ఎకరాలు అమ్ముకుని బోర్లు వేసినవాళ్లను చూశాను కాబట్టే రాస్తున్నాను.

అపోహ: భూమి లోపల నదులు పారుతుంటాయి, ఎంత లోతుకు వెళ్తే అంత నీరు

తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్, దానికి దగ్గరి చుట్టమైన నైస్ రాయి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గట్టి రాయిలో నీరు నిలవడానికి చోటు లేదు. ఎండకూ వానకూ లక్షల ఏళ్లు నాని, చివికి, మొరంగా మారిన పై పొరలో నీరు ఉంటుంది. దాని కింద రాయిలో పడిన పగుళ్లలో ఉంటుంది. అంతే, మూడో చోటు లేదు. మొరం సాధారణంగా 30 నుంచి 60 అడుగుల మందం. పగుళ్లు ఆ కింద మొదలై, లోతుకు వెళ్లేకొద్దీ తగ్గిపోతాయి, ఉన్నవి కూడా పైనున్న రాయి బరువుకు ఇరుకైపోతాయి. నీరిచ్చే పగుళ్లలో అధికభాగం మొదటి 300 అడుగుల్లోనే ఉంటుంది.

రిగ్గు దగ్గర నిలబడి బయటికొచ్చే పొడిని చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. మొదట ఎర్రమట్టి, తర్వాత గోధుమరంగు మొరం. మొరం కూలకుండా కేసింగ్ పైపు దించాక బూడిదరంగు రాతిపొడి మొదలవుతుంది. మధ్యలో పొడి ఒక్కసారిగా తడిసి ముద్దలు కట్టి, తుప్పు రంగు పట్టిన రాతి పలుకులు వస్తే పగులు తగిలినట్టు. ఆ తుప్పు మరక, నీరు ఏళ్ల తరబడి ఆ దారిన పారిందని చెప్పే సాక్ష్యం. బోరు వేసేవాళ్లు దీన్నే గ్యాప్ తగిలింది అంటారు. 400 అడుగులు దాటాక కూడా ఒకే రంగు పొడి రేగుతూ ఉంటే, తుప్పు రంగు పలుకు ఒక్కటీ కనిపించకపోతే, అక్కడ ఆపేయాలి. చాలామంది ఆపరు. ఇంకో వంద అడుగులు చూద్దాం అనే మాట ఆ సమయంలోనే వస్తుంది. లోతు పెరిగితే అడుగుకు కట్టే రేటూ పెరుగుతుంది. నీరు దొరికే అవకాశం తగ్గుతున్నకొద్దీ ఖర్చు పెరగడం ఈ పనిలోని క్రూరత్వం.

600, 800 అడుగుల్లో నీళ్లు పడిన బోర్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. పెద్ద భ్రంశాల వెంట, అంటే రాయి విరిగి పక్కకు జరిగిన చోట్ల, గ్రానైట్‌లోకి గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాయి డైక్‌ల అంచున అలా పడతాయి. అక్కడికి వాననీరు చేరడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి, మొదటి ఏడాది రెండు ఇంచులు పోసిన బోరు రెండో వేసవికి అర ఇంచుకు దిగడం సర్వసాధారణం. పైగా లోతైన నీరు రాయితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది కాబట్టి రాయిలోని ఫ్లోరైడ్‌ను తనలోకి తీసుకుంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన నడుములు, పచ్చబడిన పళ్లు ఈ లెక్క దాటిన ఫలితమే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ పేరే పెట్టింది.

కొబ్బరికాయతో, వేపపుల్లతో పాయింట్ పెట్టేవాళ్ల గురించి ఒక మాట. వాళ్ల నిజాయితీని నేను శంకించను. మొరం మందంగా ఉన్న నేలలో ఎక్కడ వేసినా కొంత నీరు తగులుతుంది, ఆ ఫలితం పుల్ల ఖాతాలో పడుతుంది. అరచేతిలో కాయ లేచి నిలబడటానికీ కింద ఉన్న పగులుకూ సంబంధం లేదు. నేలలోకి కరెంటు పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలిచే మా రెసిస్టివిటీ సర్వే కూడా హామీపత్రం కాదు. మొరం ఎంత మందం ఉందో, పగుళ్ల రాయి ఎంతవరకు ఉండవచ్చో అది చెబుతుంది. ఎన్ని ఇంచులు పడతాయో చెప్పదు. ఇంచుల లెక్క ముందే చెప్పేవారు ఎవరైనా సరే, చేతిలో యంత్రం ఉన్నా పుల్ల ఉన్నా, నమ్మకండి.

ఇప్పుడు ఒక ఎకరం లెక్క చూద్దాం. గ్రానైట్ నేలలో నీటిమట్టం ఒక మీటరు దిగితే బయటికొచ్చే నీరు, ఆ మీటరు మందంలో ఒకటిన్నర శాతం మించదు. అంటే ఎకరానికి సుమారు 60 వేల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లు తోడే మోటారుకు అది ఆరు గంటల పని. ఏటా 750 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో పదో వంతు ఇంకిందనుకున్నా ఎకరానికి చేరేది 3 లక్షల లీటర్లు. యాసంగి వరికి ఎకరానికి 48 లక్షల లీటర్లు పెట్టాలి. మడిలోంచి తిరిగి ఇంకే నీటిని సగం అనుకుని తీసేసినా, ఒక ఎకరం యాసంగి వరి ఎనిమిది ఎకరాల వాననీటిని తాగేస్తుంది. ఆ మిగతా ఏడెకరాలు పక్క రైతులవి. ఒక ఊళ్లో బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోవడానికి కారణం వెతకాలంటే ఈ లెక్క దగ్గర మొదలుపెట్టాలి.

అపోహ: ఉత్తరాదిన ఒండ్రు నేలలు కాబట్టి అక్కడ నీటికి కొదవ లేదు

గంగా, సింధు మైదానాల కింద ఒండ్రు వందల మీటర్ల నుంచి వేల మీటర్ల మందం వరకు ఉంది. మన రాయితో పోలిస్తే అది పదింతల నీరిస్తుంది. అయినా పంజాబ్‌లో ఏటా చేరే నీటికంటే తోడేది 150 శాతం దాటింది. మన దేశం ఏటా తోడుతున్న భూగర్భ జలం దాదాపు 240 ఘన కిలోమీటర్లు, ప్రపంచంలో ఎవరూ ఇంత తోడటం లేదు. అందులో సుమారు 87 శాతం సాగుకే పోతుంది. నిల్వ ఎంత పెద్దదైనా ఏటా చేరేది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

అపోహ: హిమాలయ నదులు మంచు కరిగి పారుతాయి, మనవి వాన నదులు

పాఠశాలలో నేర్చుకున్న ఈ విభజన సగమే నిజం. సింధు నదిలో మంచు, హిమానీనదాల వాటా నిజంగానే పెద్దది. గంగ మైదానంలోకి దిగాక ఏడాది ప్రవాహంలో అత్యధిక భాగం రుతుపవనాల నీరే. వేసవిలో మైదానం మధ్య గంగను నిలబెట్టడంలో ఒడ్డున ఉన్న ఒండ్రు పొరల్లోంచి వచ్చే ఊటది పెద్ద పాత్ర. అంటే ఒడ్డున బోర్లు ఎక్కువైతే నది సన్నబడుతుంది. మన వాగులు ఎండిపోయిన తీరూ ఇదే. నవంబరు దాకా పారిన వాగు ఇప్పుడు వాన వెలిసిన వారానికే ఆగిపోతోందంటే, చుట్టూ నీటిమట్టం వాగు అడుగు కంటే కిందికి పోయిందని అర్థం.

అపోహ: సముద్రంలో కలిసిన ప్రతి చుక్కా వృథా

ఇది వినడానికి అన్నిటికంటే న్యాయంగా ఉంటుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. నేను ప్రాజెక్టులకు వ్యతిరేకిని కాదు. సాగర్, శ్రీశైలం లేకపోతే ఈ రెండు రాష్ట్రాల బతుకు ఎలా ఉండేదో ఊహించలేను. కానీ లెక్క చూడండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులను మించింది. ఆ ఉద్ధృతిలో ఒక్క రోజు పారితే 216 టీఎంసీలు. శ్రీశైలం జలాశయం ఇప్పటి పూర్తి సామర్థ్యం దాదాపు అంతే, 215 టీఎంసీలు. అంత వరదను పట్టాలంటే రోజుకో శ్రీశైలం కావాలి, అది ఏడాదిలో కొన్ని రోజుల కోసం మాత్రమే. మన వానలు నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని గట్టి వారాల్లో కురుస్తాయి. నీరు లేకపోవడం కంటే, నీరు వచ్చే వేళ మన చేతిలో లేకపోవడమే పెద్ద చిక్కు.

ఇక్కడ ఇప్పటి సామర్థ్యం అని ఊరికే అనలేదు. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు దిగింది. ఆ తేడా అంతా పూడిక. పశ్చిమ కనుమల నుంచి, దక్కను నల్లరేగళ్ల నుంచి కృష్ణ మోసుకొచ్చిన మట్టి అది. ఆ మట్టి వెళ్లాల్సిన చోటు డెల్టా. కృష్ణా, గోదావరి డెల్టాలు నదులు వేల ఏళ్లుగా పోసిన ఒండ్రుతోనే పుట్టాయి. ఒండ్రు రావడం తగ్గితే సముద్రం తీరాన్ని కోస్తుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం కోతకు ఇదొక్కటే కారణం అనలేం గానీ, ఇది కూడా ఒకటి.

డెల్టాలో మంచినీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైనుంచి మంచినీటి ఒత్తిడి తగ్గితే ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. కోనసీమలో, దివిసీమలో బోరు నీళ్లు ఉప్పగా మారాయని చెప్పేవాళ్ల మాట వెనుక ఉన్న భౌతిక సూత్రం ఇదే. ఇక పులస. సముద్రంలోని ఇలస వరద నీటికి ఎదురీది గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తేనే అది పులస అవుతుంది. వరద సముద్రాన్ని చేరకపోతే ఆ చేపకు దారి తెలియదు.

అపోహ: వేల టన్నుల బంగారం దొరికింది, లిథియం దొరికింది, ఇక తిరుగులేదు

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ సోన్‌భద్రలో 3,350 టన్నుల బంగారం దొరికిందని దేశమంతా మోగిపోయింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వెంటనే వివరణ ఇచ్చింది. వాళ్లు అంచనా వేసింది సుమారు 52,806 టన్నుల ముడి ఖనిజం, అందులో టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారం. గుణించి చూడండి, 160 కిలోలు. టన్నుల సంఖ్య ఖనిజానిదా, లోహానిదా అని చూడకుండా వార్త రాస్తే ఇంత తేడా వస్తుంది.

2023 ఫిబ్రవరిలో జమ్మూలోని రియాసీ లిథియం సంగతి ఇంకో రకం. 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం అన్న అంకె తప్పు కాదు. కానీ అన్వేషణలో నాలుగు దశలుంటాయి. జీ4 అంటే ప్రాథమిక పరిశీలన, అక్కడి నుంచి జీ1 అనే సవివర అన్వేషణ దాకా మెట్టు మెట్టుగా రావాలి. రియాసీ అప్పటికి జీ3లో ఉంది. అంటే బోర్లు ఇంకా దగ్గర దగ్గరగా వేసి చూడాలి, ఖనిజం నుంచి లోహం లాభసాటిగా తీయవచ్చని నిరూపించాలి. ప్రపంచానికి లిథియం ఎక్కువగా ఆస్ట్రేలియా గట్టి రాయి నుంచి, చిలీ, అర్జెంటీనా ఉప్పునీటి మడుగుల నుంచి వస్తోంది. రియాసీలో అది బంకమట్టిలో ఉంది. బంకమట్టి నుంచి తీసే పద్ధతి పెద్ద ఎత్తున ఇంకా స్థిరపడలేదు. వేలం పెడితే తగినంతమంది ముందుకు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు దొరికిన కబురుతోనే లక్షల కోట్లు లెక్కగట్టి చెప్పడం, నా దృష్టిలో, చదువరులకు చేసే అన్యాయం.

పేరుకు తళుకు లేని ఖనిజాల మాట ఎవరూ ఎత్తరు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలోని ముగ్గురాయి, అంటే బెరైటీస్, నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాస్ ఒత్తిడికి బావి పేలిపోకుండా, అందులోకి పంపే బురదకు బరువు పెంచేది ఈ రాతిపొడే.

అపోహ: బొగ్గు ఇంత ఉండగా దిగుమతి దేనికి?

2024-25లో దేశం తవ్విన బొగ్గు వంద కోట్ల టన్నులు దాటింది. చైనా తర్వాత మనమే. కానీ మన బొగ్గు 25 - 30 కోట్ల ఏళ్ల నాటి గోండ్వానా పొరల్లో, నీటితో కొట్టుకొచ్చిన మట్టితో కలిసి పేరుకుంది. అందుకే బూడిద 30 నుంచి 45 శాతం. ఉక్కు కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు ఝరియా వంటి కొద్ది చోట్లే ఉంది, కావలసినదాంట్లో అధికభాగం బయటి నుంచి కొంటున్నాం. సింగరేణి బొగ్గు విద్యుత్ కేంద్రాలకు పనికొస్తుంది గానీ కోక్ చేయడానికి పనికిరాదు. ఇంకొకటి, జాతీయ లెక్కల్లో 1,200 మీటర్ల లోతు వరకు ఉన్న బొగ్గునంతా చేరుస్తారు. తవ్వేదాంట్లో అత్యధిక భాగం మాత్రం ఓపెన్‌కాస్ట్ గనులదే, అవి అంత లోతుకు పోలేవు.

అపోహ: ఇసుక ఎంత తీసినా వరద మళ్లీ తెచ్చి పోస్తుంది

ఎగువన ఆనకట్టలు ఉన్న నదిలో తెచ్చేది ఏది? వచ్చేదాంట్లో చాలావరకు జలాశయాల్లోనే ఆగిపోతోంది. పెన్నా, స్వర్ణముఖి, మానేరు వంటి నదుల్లో ఇసుక ఒక నీటి ట్యాంకు. ఎకరం మేర మీటరు మందం ఇసుక 6 లక్షల లీటర్ల నీటిని పట్టి, అడిగినప్పుడు ఇస్తుంది. అదే ఎకరం గ్రానైట్ ఇచ్చేది 60 వేలే. ఇసుక పోయాక బయటపడిన బండ మీద వరద జారిపోతుంది, ఒడ్డున ఉన్న ఊట బావులు మార్చికే అడుగంటుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, భూగర్భ జలాలకు నష్టం జరిగే చోట ఇసుక తవ్వకాన్ని అడ్డుకునే వీలు కల్పించింది. మీ ఊరి దగ్గర ఇసుక రీచ్ తెరుస్తున్నారంటే, ఒడ్డు బావుల్లో నీటిమట్టం ముందుగా కొలిచారా, ఇసుక ఎంత మందం ఉందని రాశారు, ఎంతవరకు తీయనిస్తున్నారు అని గ్రామసభలో అడగండి. కొలత కాగితం లేకపోతే మీరే ఒక తాడు, దాని చివర ఒక బరువు కట్టి వైశాఖంలో ఒకసారి, కార్తికంలో ఒకసారి ఆ బావుల్లో నీటిలోతు కొలిచి తేదీతో సహా రాసి పెట్టుకోండి.