కుట్టేటప్పుడే పుట్టే బొమ్మ: ఆర్ట్ క్విల్ట్ మీద అపోహలు - వాస్తవాలు

"బొంతను గోడకు ఎందుకు తగిలించారు?" అని అడిగేవాళ్లకు నేను దాన్ని అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూపిస్తాను. పైన ముక్కలు అతికిన పొర, మధ్యలో దూది పొర, కింద అస్తరు. మూడింటినీ కలిపి పట్టే టాకాలు. నిర్మాణం వరకు మామూలు బొంతకూ ఆర్ట్ క్విల్ట్‌కూ తేడా లేదు. బొంత కప్పుకోవడానికి, ఇది చూడటానికి, అంతే.

చాలా ఏళ్లుగా కుడుతూ, కొత్తవాళ్లకు నేర్పుతూ ఒకటి గమనించాను. వాళ్లను ఆపేస్తున్న అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే: బొమ్మను ఊహించడం కళ, కుట్టడం ఆ తర్వాత చేసే చాకిరీ అన్న నమ్మకం. నేను దాన్ని ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

అపోహ: బొమ్మలు గీయడం వచ్చినవాళ్లకే ఇది సాధ్యం

గీయడం వస్తే మంచిదే. రాకపోతే ఆగిపోనక్కర్లేదు. ఇక్కడ ముందుగా పదును పెట్టుకోవాల్సింది కన్ను, అదీ లేత-ముదురుల విషయంలో. కొత్తగా వచ్చినవాళ్లు ఎర్రగుడ్డ మీద ఆకుపచ్చ ఆకు పెట్టి, దగ్గర్నుంచి చూసుకుని మురిసిపోతారు. పది అడుగులు వెనక్కి నడిస్తే ఆకు కనిపించదు. రంగులు వేరైనా రెండూ ఒకే ముదురులో ఉంటే వాటి మధ్య గీత కరిగిపోతుంది. ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీసి చూడండి, రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి.

అమెరికన్ కళాకారిణి బిసా బట్లర్ క్విల్ట్‌లలో మనుషుల ముఖాలు ఊదా, నీలం, ఎరుపు లాంటి రంగుల ముక్కలతో నిండి ఉంటాయి. ఒంటిరంగు గుడ్డ కోసం ఆవిడ వెతకరు. అయినా ఎదురుగా ఒక మనిషి నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. వెలుగు పడే చోట లేత ముక్క, నీడ ఉండే చోట ముదురు ముక్క సరిగ్గా కూర్చోవడమే కారణం. ఆవిడ చిత్రలేఖనం చదువుకున్నవారే, ఆ చదువు ఉపయోగపడిందనడంలో సందేహం లేదు. కానీ లేత-ముదురు చూడటం గుడ్డముక్కలతోనే నేర్చుకోవచ్చు. ఇంట్లో ఉన్న గుడ్డల్లోంచి పది ముక్కలు తీసి, ఏ రంగన్నది పట్టించుకోకుండా లేత నుంచి ముదురుకు వరసగా పేర్చండి. ఆ తర్వాత ఫొటో తీసి సరిచూసుకోండి. మొదటిసారి చాలామంది పసుపు దగ్గర పొరబడతారు. పసుపు ఎంత ధగధగలాడినా ఫొటోలో లేతగానే వస్తుంది.

అపోహ: డిజైన్ పూర్తిగా సిద్ధమయ్యాకే కుట్టు మొదలుపెట్టాలి

గోడకు ఒక ఫ్లానెల్ గుడ్డ (నూగు ఉండే మెత్తని గుడ్డ) బిగించి, దాని మీద ముక్కలు అద్ది చూసుకోవడం మా పనిలో మామూలు. నూలు ముక్కలు పిన్ను లేకుండానే దానికి అతుక్కుంటాయి. అక్కడ పది పట్టీలు పేర్చారనుకోండి, ఒక్కోటి 2 అంగుళాల వెడల్పు. గోడ మీద 20 అంగుళాల బొమ్మ కనిపిస్తుంది. కుట్టడానికి ఒక్కో అతుకు దగ్గర ఇటూ అటూ పావు అంగుళం చొప్పున లోపలికి పోతుంది. పది పట్టీలకు తొమ్మిది అతుకులు కాబట్టి, అతికాక చేతికి వచ్చేది 15.5 అంగుళాలు. గోడ మీద విశాలంగా ఉన్న ఆకాశం కుట్టాక ఇరుకైపోతుంది, సన్నని ఎర్ర పట్టీ దారంలా మిగులుతుంది. దాని మీద టాకాలు వేస్తే మూడు పొరలూ ఇంకాస్త లోపలికి లాగుకుంటాయి.

అందుకే కాగితం మీద గీసుకున్నదాన్ని నేను మొదటి ఊహగానే తీసుకుంటాను. నాలుగు పట్టీలు అతికి, మళ్లీ గోడకు పెట్టి, పక్కన రావాల్సిన ముక్కను అప్పుడు కోస్తాను. మొదట్లో అంతా ఒకేసారి కోసి పెట్టుకునేదాన్ని. తీరా కుట్టాక కొలతలు కుదరక, బొమ్మ నచ్చక, రెండు పెద్ద పనులు సగంలో వదిలేశాను. లోపం నా ఊహలో ఉందనుకుని చాలాకాలం బాధపడ్డాను. గుడ్డ చెప్పేది వినకుండానే అన్నీ తేల్చేసుకోవడం అసలు లోపమని తర్వాత తెలిసింది. ఇప్పుడు చుట్టూ రెండేసి అంగుళాలు అదనంగా ఉంచి, టాకాలన్నీ వేశాకే అంచులు కోస్తాను.

అపోహ: చేత్తో కుడితేనే కళ, మెషిన్ మీద కుడితే కాదు

ఈ మాట అనేవాళ్లు ఒక్కసారి మెషిన్ మీద గుడ్డను తమ చేతులతోనే జరుపుతూ టాకాలు వేసి చూడాలి. మామూలు కుట్టులో సూది కింద ఉండే పళ్లు గుడ్డను ముందుకు తోస్తాయి. ఈ కుట్టులో ఆ పళ్లను కిందికి దించేసి, డార్నింగ్ ఫుట్ (గుడ్డను గట్టిగా నొక్కిపట్టని పాదం) బిగిస్తాం. ఇక గుడ్డను జరిపేది మన రెండు చేతులే. సూది ఒక వేగంతో పడుతుంటే చెయ్యి ఇంకో వేగంతో జరిగితే టాకాలు ఒకచోట పొడుగ్గా, ఒకచోట మెంతిగింజల్లా వస్తాయి. మలుపు తిరిగేటప్పుడు చెయ్యి తెలియకుండానే ఉరుకుతుంది, అక్కడే పొడుగు టాకా పడుతుంది. ఇది కుదరడానికి నాకు నెలలు పట్టింది. మూడు పొరల చిన్న ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, రోజూ ఇరవై నిమిషాలు దాని మీద గీతలు తిప్పడమే సాధన. భుజాలు బిగుసుకుంటే గీత కూడా బిగుసుకుంటుంది.

చేతి కుట్టుకు దాని అందం దానిదే. దానికి వాడే పొట్టి సూదులకు బిట్వీన్స్ అని పేరు. అంకె పెరిగేకొద్దీ సూది చిన్నదవుతుంది. మెత్తగా, కొంచెం తెగుతూ కనిపించే గీత కావాలంటే చెయ్యి, తెగని గీత కావాలంటే మెషిన్. బొమ్మకు ఏది కావాలో చూసి ఎంచుకోవాలి.

ఇక టాకా ఏం చేస్తుందో చూడండి. దగ్గర దగ్గరగా కుట్టిన చోట దూది అణిగి పోతుంది. వదిలేసిన చోట ఉబ్బుతుంది. పక్క నుంచి వెలుగు పడితే ఉబ్బిన చోటు ముందుకు వస్తుంది, అణిగిన చోటు నేపథ్యంలోకి వెళ్తుంది. అంటే ఒకే రంగు గుడ్డ మీద, ఒకే రంగు దారంతో కూడా బొమ్మ తెప్పించవచ్చు. మధ్యలో చిక్కగా కుట్టి అంచుల్లో వదిలేస్తే మాత్రం, మధ్యభాగం కుదించుకుపోయి అంచులు అలల్లా లేస్తాయి. ఇన్ని నిర్ణయాలు కుట్టులోనే ఉంటే దాన్ని చాకిరీ అని ఎలా అనగలం?

అపోహ: ఇది పేదరికంలో చిరుగు గుడ్డలతో పుట్టిన పని

అన్ని చోట్లా కాదు. 18వ శతాబ్దంలో గుడ్డ ఖరీదైన వస్తువు. ఐరోపా, అమెరికాల్లో ఆనాటి నుంచి మిగిలిన క్విల్ట్‌లలో ఒకే రకం నిండు గుడ్డతో చేసినవి, భారతదేశం నుంచి వెళ్లిన అద్దకపు గుడ్డల్లోంచి పూలూ పిట్టలూ కత్తిరించి అతికినవి చాలా ఉన్నాయి. అవి కలిగినవాళ్ల ఇళ్లవి. ముక్కల క్విల్ట్‌లు ఇంటింటికీ చేరింది మిల్లు నూలు చవకయ్యాక, 19వ శతాబ్దంలో.

అవసరం కొద్దీ కుట్టినవాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు పొలం పనుల్లో నలిగిన బట్టలతో కూడా క్విల్ట్‌లు కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో మొదలైన ఆ క్విల్ట్‌ల ప్రదర్శన తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంకు వెళ్లింది. 2006లో ఆ క్విల్ట్‌ల బొమ్మలతో తపాలా బిళ్లలు వచ్చాయి. ఆ పట్టీలు వంకరగా ఉంటాయి. ఆ వంకర ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు.

అపోహ: పూర్వం క్విల్ట్ కుట్టేవాళ్లు వినయం కోసం కావాలనే ఒక తప్పు కుట్టేవారు

వినడానికి బాగుంటుంది. దీనికి ఆధారం మాత్రం లేదు. పాత క్విల్ట్‌లలో తప్పులు ఉన్నాయి, ఎందుకంటే కుట్టింది మనుషులు. నాకు ఇబ్బంది ఎక్కడంటే, విప్పాల్సిన కుట్టును విప్పకుండా ఉండటానికి కొందరు విద్యార్థులు ఈ కథను అడ్డం పెట్టుకుంటారు. దారం బిగువు తప్పి అడుగున ఉచ్చులు పడితే విప్పాల్సిందే. అతుకులోకి గుడ్డ చాలక పోగులు లేస్తుంటే విప్పాల్సిందే. మూల కలవకపోవడం, రంగు అనుకున్నట్టు రాకపోవడం లాంటివి మాత్రం ఒక రాత్రి గడిచాక చూసి తేల్చుకోండి.

అపోహ: క్విల్ట్‌ను కళ అనడం నిన్నమొన్నటి మోజు

అమెరికాలోని జార్జియాలో బానిసత్వంలో పుట్టిన హారియట్ పవర్స్ 1880లలో బైబిల్ కథలతో ఒక క్విల్ట్ కుట్టింది. ఇబ్బందుల్లో 5 డాలర్లకు అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు, ఒక్కో గడిలో ఏ కథ ఉందో కొన్నావిడకు విడమరచి చెప్పింది. కొన్నావిడ వాటిని రాసి పెట్టుకుంది. పవర్స్ చేసినవాటిలో మనకు మిగిలినవి రెండే. ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో, ఇంకొకటి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియంలు కళ్లు తెరిచింది ఆలస్యంగానే: విట్నీలో పాత క్విల్ట్‌లను చిత్రాల్లా గోడలకు తగిలించిన ప్రదర్శన 1971 నాటిది. చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ తన మొదటి క్విల్ట్‌ను 1980లో, దుస్తుల డిజైనరైన తన తల్లితో కలిసి చేసింది. తల్లి చేతిపనీ కూతురి చిత్రకళా అందులో పక్కపక్కనే ఉన్నాయి.

అపోహ: మంచి తరగతులకు వెళ్తే సొంత శైలి వస్తుంది

తరగతిలో పద్ధతులు వస్తాయి. గురువుగారి శైలి కూడా కొంత అంటుకుంటుంది. నేర్చుకునేటప్పుడు అది తప్పు కాదు, ప్రదర్శనకు పెట్టేటప్పుడు తప్పు. నాకు పనికొచ్చింది వరస పని. పన్నెండు అంగుళాల చదరాలు పది, అన్నింటికీ ఒకే నియమం: మూడే గుడ్డలు, ఐమూల కోతలు (గుడ్డ పోగులకు ఏటవాలుగా కోసేవి), ఒకే రంగు దారం. మొదటి మూడు ఎక్కడో చూసినవాటిలా వచ్చాయి. ఐదోదానికి చేయడానికి ఏమీ మిగల్లేదనిపించింది. ఏడోదాంట్లో, సాగిపోయే ఐమూల అంచును అదుపు చేయడం మానేసి, దాన్ని అలాగే గీతగా వాడుకున్నాను. నా పనుల్లో ఇప్పటికీ కనిపించే వంపు అక్కడిదే. ఏ తరగతిలోనూ ఆ వంపు నాకు చెప్పలేదు, కాగితం మీద గీసుకుని ఉంటే అసలు వచ్చేదే కాదు.

అపోహ: గోడకు తగిలించినది ఉతకనక్కర్లేదు కాబట్టి పాడవదు

పాడుచేసేది వెలుగు. మ్యూజియంలు సాధారణంగా గుడ్డ వస్తువుల మీద వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వవు, అంటే మసక వెలుతురు. ఎండ తగిలే గోడ వద్దు. దాచేటప్పుడు మడత పెట్టకుండా, బొమ్మ పైకి ఉండేలా గొట్టానికి చుట్టండి. బరువు రెండు మూలల మీద పడకుండా వెనక పైభాగంలో పూర్తి వెడల్పుకు గుడ్డ గొట్టం కుట్టి, అందులోంచి కర్ర దూర్చి తగిలించండి. అదే చేత్తో కింది మూలలో ఒక చిన్న గుడ్డ మీద మీ పేరు, సంవత్సరం కుట్టేయండి. పాత క్విల్ట్‌లలో ఎన్నో, కుట్టింది ఎవరో తెలియకుండానే మ్యూజియంలకు చేరాయి.