పోర్షన్ అయిపోయింది, పాఠం మిగిలిపోయింది: ఒక లెక్కల టీచరు చూసిన అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక సీబీఎస్ఈ స్కూల్లో పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మాది మదనపల్లె. పేరెంట్స్ మీటింగులో తెలుగువాళ్లు కనిపిస్తే ఇద్దరం ఇంగ్లిషు పక్కన పెట్టేస్తాం. అసలు మాటలు అప్పుడే బయటికొస్తాయి.

అపోహ: సిలబస్ ఎంత ఎక్కువుంటే పిల్లలకు అంత చదువొస్తుంది.

వాస్తవం: మొన్న తొమ్మిదో తరగతిలో 1/2 + 1/3 ఎంతని అడిగాను. ముగ్గురు 2/5 అని రాశారు. పాలినామియల్స్ చకచకా చేసేసే పిల్లలే! అర రొట్టెకి ఇంకో ముక్క కలిపితే అరకంటే తగ్గుతుందా అంటే ఒకమ్మాయి నాలిక్కరుచుకుంది. భిన్నాలు వాళ్లకెవరూ చెప్పక కాదు. చెప్పారు, రెండు వారాల్లో ముగించారు, యూనిట్ టెస్ట్ పెట్టి తర్వాతి పాఠానికి వెళ్లిపోయారు. అలా వెళ్లిపోయిన టీచర్లలో నేనూ ఉన్నాను. స్టాఫ్‌రూములో మేం ఒకరినొకరం అడిగేది "పోర్షన్ అయిందా?" అనే. పిల్లలకు వచ్చిందా అని అడిగినవాళ్లు నాకు గుర్తులేరు.

బుర్ర ఒక్కసారికి పట్టుకోగలిగిన కొత్త సంగతులు మహా అయితే నాలుగైదు. పాతవాటితో ముడిపడితే నిలుస్తాయి. ముడి పడకముందే ఇంకో నాలుగు వచ్చి పడితే పిల్లలకు మిగిలే దారి బట్టీయే. దాన్ని మనం బద్ధకం అంటున్నాం.

అపోహ: చదువు భారమంటే సంచి బరువు.

వాస్తవం: సంచి బరువూ చిన్నదేం కాదు. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మాట్లాడింది దాని గురించే. 2020 నాటి కేంద్ర ప్రభుత్వ స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచి పిల్లల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. 30 కిలోల పిల్లాడికి 3 కిలోలన్నమాట. అయితే చదువు భారం మీద కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే ఇంకో మాట చెప్పింది: సంచి కంటే ఎక్కువ హాని చేసేది అర్థం కాకపోవడం అనే భారమని. పుస్తకాలనైతే లాకర్లో పెట్టి రావచ్చు.

అపోహ: ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిషు, హిందీ, కన్నడ. ఇన్ని భాషలే పిల్లల్ని నలిపేస్తున్నాయి.

వాస్తవం: నేనొప్పుకోను. మా అపార్ట్‌మెంటు పిల్లలు లిఫ్టులో మూడు భాషలు మార్చేస్తారు, అలసట ఎక్కడా కనపడదు. అలిసిపోయేది ప్రతి భాషకూ విడివిడిగా పరీక్షలు, ప్రాజెక్టులు మీద పడ్డప్పుడు. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకు కన్నడ లిపి సగం తెలిసినట్టే. ఇంట్లో తెలుగు నేర్పడం మానేసి ఆ సాయం మనమే తీసేస్తున్నాం.

అపోహ: హోంవర్క్ తక్కువిచ్చే స్కూలు సరైంది కాదు.

వాస్తవం: పైన చెప్పిన స్కూల్ బ్యాగ్ పాలసీయే రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు (రోజుకు కాదు, మళ్లీ చదవండి), ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకో గంట.

అపోహ: నిద్ర కాస్త తగ్గించుకుంటే అన్నీ కుదురుతాయి.

వాస్తవం: పదమూడు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. మారతహళ్లిలో 6:40కి బస్సెక్కాలంటే ఐదున్నరకు లేవాలి. అంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. సాయంత్రం ఫౌండేషన్ క్లాసు (ఐఐటీ లాంటి ఎంట్రన్సులకు ముందునుంచే ఇచ్చే కోచింగ్) నుంచి ఆ వేళకి ఇంటికి చేరనివాళ్లే మా క్లాసులో ఎక్కువ. మొదటి పీరియడ్ నాదే, ఆవలింతలన్నీ నా ఖాతాలోనే.

అపోహ: "ఇంట్లో గడగడా చెప్తాడు మేడమ్, పరీక్షలోనే మర్చిపోతాడు."

వాస్తవం: పుస్తకం ఎదురుగా పెట్టుకుని చెప్పింది చదవడం కిందికొస్తుంది. మూసేసి, సొంత మాటల్లో చెప్పగలిగితేనే వచ్చినట్టు. రోజుకొక్క లెక్క తెలుగులో చెప్పించుకోమన్నాను, ఆ మాటన్న తల్లితో.

"నాకు లెక్కలు రావు కదా మేడమ్!"

"రాకపోవడమే మేలమ్మా. మీకు అర్థమయ్యేదాకా వాడు చెప్పాల్సొస్తుంది."