జంపర్ బిగుతుగా ఉంటే బలం కాదు

తిత్లీ తుపానుకే నిలబడిన సబ్‌స్టేషన్ యార్డ్, భూకంపం ఏం చేస్తుంది సార్? శ్రీకాకుళం, విజయనగరం సబ్‌స్టేషన్లలో పనిచేసినన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. గాలి పరికరాన్ని పక్కనుంచి తోస్తుంది. భూకంపం పునాదినే కదుపుతుంది, అప్పుడు ఒక్కో పరికరం ఒక్కోలా ఊగుతుంది. రెండూ ఒకటి కాదు.

అసలు నష్టం తెచ్చే అపోహ వేరే ఉంది: "ప్రతి పరికరానికీ భూకంప పరీక్ష సర్టిఫికెట్ ఉంది, ఇక యార్డ్‌కి ఢోకా లేదు." ఆ పరీక్ష సాధారణంగా పరికరాన్ని ఒంటరిగా నిలబెట్టి చేస్తారు. యార్డ్‌లో ఏదీ ఒంటరిగా ఉండదు, జంపర్ అనే తీగతో పక్కదానికి కలిపి ఉంటుంది. సీవీటీ (వోల్టేజీ కొలవడానికి వాడే పొడవాటి పరికరం) నెమ్మదిగా, ఎక్కువ దూరం ఊగుతుంది. పక్కనున్న గట్టి పరికరం వేగంగా, కొద్దిగా ఊగుతుంది. ఒకదాని తల 12 సెంటీమీటర్లు, రెండోదాని తల 8 సెంటీమీటర్లు కదిలేవనుకోండి. చెరో వైపు వెళ్లిన క్షణాన మధ్య దూరం 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. జంపర్‌లో కనీసం అంత వదులు లేకపోతే ఆ కుదుపంతా తీగ బిగించిన చోట, అంటే టెర్మినల్ మీద పడుతుంది. పరికరాన్ని నిలబెట్టే పింగాణీ వంగదు, అడుగు దగ్గర విరుగుతుంది. పడేది పక్కదాన్నీ లాక్కుపోవచ్చు. 1989లో కాలిఫోర్నియా లోమా ప్రీటా భూకంపంలో మెట్‌కాఫ్, మాస్ లాండింగ్ సబ్‌స్టేషన్లలో 500 కేవీ బ్రేకర్ల (కరెంటును తెంచే పెద్ద స్విచ్‌ల) పింగాణీ విరిగింది. జంపర్లలో ఎంత వదులు ఉంచాలో చెప్పడానికే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ నుంచి 1527 అనే సిఫారసు వచ్చింది.

ఒక షట్‌డౌన్‌లో బుషింగ్‌కీ (పరికరం లోంచి కరెంటు బయటికొచ్చే పింగాణీ గొట్టం) ఎల్ఏకీ (పిడుగు నుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టర్) మధ్య జంపర్‌ను తీగలా లాగి కట్టేశారు. "వేలాడితే బాగోదు సార్, ఇప్పుడు నీటుగా ఉంది" అన్నాడు మేస్త్రీ. లైన్ క్లియర్ (కరెంటు ఆపి పని చేసుకోమని ఇచ్చిన అనుమతి) టైం అయిపోతున్నా విప్పించి, పొడుగు ముక్క వేయించాను. అందరికీ కోపం వచ్చింది. రాత్రి నాకు నిద్ర పట్టింది. అలాగని ఇష్టమొచ్చినంత వదిలేయకూడదు, గాలికి ఊగి క్లియరెన్స్, అంటే చుట్టూ ఉండాల్సిన సురక్షిత దూరం, తగ్గుతుంది. డ్రాయింగ్‌లో ఉన్నంతే ఉంచాలి. ట్యూబ్ బస్‌కి (తీగ బదులు కరెంటు మోసే లోహపు గొట్టం) జరిగే క్లాంప్ ఉంటే దాన్ని బిగించి చంపేయకండి. అది ఎండకి గొట్టం సాగినప్పుడే కాదు, భూకంపానికీ పనికొస్తుంది.

ఇంకో అపోహ: "మనది జోన్ 2, ఇక్కడ రాదు." భూకంపాలకి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 1893, దాని 2016 పటంలో జోన్ 2 అంటే తక్కువ ప్రమాదం, అంతే. అసలు ప్రమాదమే లేని జోన్ అందులో లేదు. 1917లో విజయనగరం ప్రాంతంలోనే 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. రేపు ఫలానా గంటకి వస్తుందనే వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం శుద్ధ అబద్ధం, ఆ గంట ఎవరూ చెప్పలేరు.

2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, సబ్‌స్టేషన్ పక్క వీధి పెద్దావిడ వణుకుతూ ఫోన్ చేసింది. "బాబూ, మీ ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోద్దేటి?" ఆమె భయం నాకు అర్థమైంది. కుదుపుకి బుకోల్జ్ రిలే (ట్రాన్స్‌ఫార్మర్ లోపల లోపం ఉందనిపిస్తే కరెంటు ఆపే రక్షణ పరికరం) పనిచేసి కరెంటు పోవచ్చు, అంతమాత్రాన ట్రాన్స్‌ఫార్మర్ కాలినట్టు కాదని చెప్పాను. "తీగ తెగి పడితే మాత్రం దగ్గరకి వెళ్లకమ్మా, కరెంటోళ్ల నంబరు 1912కి ఫోన్ చెయ్యి" అన్నాను. ఆమె ఆ నంబరు మనవడి చేత గోడ మీద రాయించింది.